పదకొండున్నర వాయిదా

ఎలీషా లేడు!

కల్లంలో లేడు. బోరు దగ్గర లేడు. కాయ మీద కప్పే టార్పాలిన్ పట్టా ఎత్తి చూస్తే దాని కిందా లేడు.

బుడే పరుగెత్తుతున్నాడు. పైన బనీను, కింద ఖాకీ ప్యాంటు. ఆరబోసిన మిరపకాయలు కాళ్ళ కింద పటపటమంటున్నాయి. ఇంకెవడైనా తన కాయని ఇలా తొక్కితే వాడి అంతు చూసేవాడు. ఇవాళ తనే తొక్కుకుంటూ పోతున్నాడు.

టైము ఎనిమిదీ పది.

ఇందాక బుడే ఇచ్చి వెళ్ళిన ఇడ్లీ పొట్లం విప్పలేదు. కాయ తిరగేసే చెక్క పార గట్టుకి ఆనించి ఉంది. పని ముగించుకున్న మనిషి నెమ్మదిగా పెట్టి వెళ్ళినట్టుంది.

పారిపోయాడు...

షేక్ బుడే సబ్ జైల్లో హెడ్ వార్డర్. ఎలీషా అదే జైల్లో రిమాండు ఖైదీ. ఖైదీ అనేవాడు గదిలో ఉండాలి. హెడ్ వార్డర్ గారి సొంత కల్లంలో కాదు!

కానీ మబ్బు పట్టింది. మూడు ఎకరాల కాయ నేల మీద ఉంది. కూలీలు దొరకడం లేదు. అప్పుడు బుడేకి ఎలీషా కనిపించాడు. నోట్లో నాలుక లేని మనిషి. మిరప పనిలో పుట్టి పెరిగినవాడు. తెల్లారకముందే గేటు తీసి బండెక్కించుకోవడం, ఎనిమిదిన్నరకల్లా తీసుకొచ్చి గదిలో పెట్టడం. ఒక్క రోజే అనుకున్నాడు. ఎనిమిది రోజులైంది. కూలి ఇడ్లీలు.

ఇవాళ సూపరింటెండెంటు గారు మీటింగుకి మంగళగిరి వెళ్ళారు. జైలు బాధ్యత బుడేదే.

ఇవాళే ఎలీషాకి వాయిదా. పదకొండున్నరకి వీడియోలో. కెమెరా ముందు కూర్చుని, నేరం ఒప్పుకుంటాడో లేదో మేజిస్ట్రేటుకి చెప్పాలి.

కుర్చీ ఖాళీగా ఉంటే...

ఉద్యోగం పోతుంది. పెన్షను పోతుంది. ఇరవై ఆరేళ్ళు ఏ గదులకి తాళం వేశాడో, ఆ గదుల్లోకే తనూ వెళ్తాడు.



పక్క పత్తి చేలో కొమ్మలు కదిలాయి!

దూకాడు. ఎండిన కాయల మొనలు మోచేతులు గీరేస్తున్నాయి. రెండు సాళ్ళు దాటాడు. మూడో సాలు. రంగు గుడ్డ కనిపించింది. చెయ్యి చాచి లాగాడు...

పత్తి మూట!

మూట వెనక అంకమ్మ. పత్తి తీసే మనిషి. గుండెల మీద చెయ్యేసుకుని గట్టిగా తిట్టింది. వచ్చింది బుడే అని చూశాక కూడా ఆపలేదు.

ఇక్కడ పనిచేసే మనిషిని చూశావా అని అడిగాడు.

చూసిందట. బోరు దగ్గర మొహం కడుక్కున్నాడట. తల తడిపి వెనక్కి దువ్వుకున్నాడట. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడట.

"టైమెంతైందమ్మా అనడిగాడు సాయిబుగారూ. చెప్పాను. రోడ్డు మీదకి నడుచుకుంటా పోయాడు."

"పరిగెత్తాడా?"

"నడిచే పోయాడు. పరిగెత్తేదంతా మీరేగా."

నడిచాడు! అంత ధీమా! బుడేకి ఒళ్ళు మండింది. చొక్కా తొడుక్కుని బండి తన్నాడు.

ఎక్కడికి పోతాడు? పెళ్ళాం దగ్గరికి పోతాడు. వాళ్ళ ఊరు అద్దంకి వెళ్ళే దారిలో. అటు పోయే బస్సు ఇప్పుడే దాటింది.

బండి ఎనభైలో ఉంది. రోడ్డుకి అటూ ఇటూ ఎర్రటి కల్లాలు. ఘాటు కళ్ళలోకి కొడుతోంది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే హ్యాండిల్ ఊగుతోంది.

బస్సు!

ముందుకెళ్ళి అడ్డం తిప్పాడు. బ్రేకులు కీచుమన్నాయి. బస్సు మూరెడు దూరంలో ఆగింది. డ్రైవరు కిందకి దిగి కొట్టేవాడే, ఖాకీ ప్యాంటు చూసి ఆగాడు. బుడే ఎక్కేశాడు. ఒక్కో సీటూ, ఒక్కో మొహం.

చివరి సీటు. నీలం చొక్కా. తల మీద తువ్వాలు కప్పుకుని, కిటికీ వైపు ఒదిగి కూర్చున్న మనిషి.

ఎలీషాదీ నీలం చొక్కానే...

బుడే పిల్లిలా నడిచాడు. తువ్వాలు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు!

ముసలాయన. పన్ను నొప్పితో దవడ వాచిపోయి ఉంది. కళ్ళ నిండా నీళ్ళతో బుడేని చూశాడు.

బుడే తువ్వాలు తిరిగి ఆయన తల మీద కప్పి దిగిపోయాడు.

తొమ్మిదీ ఐదు.

ఎలీషా ఇల్లు చర్చి వెనక సందులో ఉంది. అతని భార్య మహిమ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. చేతులు మండకుండా పక్కన మజ్జిగ గిన్నె పెట్టుకుంది. జైలుకి ములాఖత్‌కి వచ్చినప్పుడల్లా బుడేని చూసింది కాబట్టి గబుక్కున లేచింది.

"ఎలీషా ఎక్కడ?" అన్నాడు బుడే.

ఆమెకి అర్థం కాలేదు.

"జైల్లో ఉన్న మనిషి ఎక్కడున్నాడని నన్నడుగుతున్నారేంటండీ?"

చచ్చాను అనుకున్నాడు బుడే.

ఆమె మొహంలో రంగు మారుతోంది. ఆయనకేమైంది అని అడుగుతోంది. రాత్రి ఏమన్నా అయిందా, ఆస్పత్రికి తీసుకెళ్ళారా అని వరసగా అడుగుతోంది. బుడే అబద్ధం వెతుక్కున్నాడు. అడ్రసు సరిచూసుకోవడానికి వచ్చానన్నాడు. నోటికొచ్చిన ఇంకేదో కూడా అన్నాడు. మాట్లాడుతూనే ఆమె భుజం మీదుగా ఇంట్లోకి చూశాడు. ఒకటే గది. గదిలో ఎవరూ లేరు.

మహిమ నమ్మిందో లేదో తెలియదు. వెనక్కి తిరగబోతుంటే ఆపింది.

"ఇయ్యాల ఒప్పుకోమంటున్నారంట. ఒప్పుకుంటే సాయంత్రానికి వదిలేస్తారంట. ఆయన ఒప్పుకోడండీ. ఒక్కసారి బోరు మోటారు దొంగ అని రాస్తే, ఈ చుట్టుపక్కల ఎక్కడ మోటారు పోయినా పోలీసులు మా ఇంటికే వస్తారు. ఆ మాట మూడుసార్లు జడ్జిగారికి చెప్పబోయాడంట. అవతలకి గొంతు పోలేదంట. మీరన్నా చెప్పండి సార్."

బుడే తల ఊపాడు.

అవతలకి గొంతు ఎందుకు పోలేదో బుడేకి తెలుసు. ఈ భూమ్మీద బాగా తెలిసినవాడు బుడే ఒక్కడే.

రిమాండు పొడిగింపు అంటే మనిషికి అర నిమిషం. పేరు చెప్పాలి, మొహం చూపించాలి, లేవాలి. ఇరవై మందిని అలా దాటించాలి. మధ్యలో ఎవడైనా కథ మొదలుపెడితే భోజనాల టైము దాటిపోతుంది. అందుకని ఎవడైనా "అయ్యా, ఒక్క మాట" అనగానే బుడే వేలు మైకు ఆపేసేది. నెట్‌వర్క్ బాలేదు మేడమ్ అనేవాడు. అవతల వాళ్ళకీ అదే హాయి. ఎలీషాకి మూడు వాయిదాల్లో మూడుసార్లూ అలాగే ఆపాడు. పగబట్టి కాదు. అలవాటు!

బండి ఎక్కి కిక్ కొట్టాడు.

పదింటి దాకా వెతికాడు. టీ బంకులు చూశాడు, కాలవ గట్లు చూశాడు. బైకులూ ఆటోలూ ఆపి చూశాడు. మిర్చి లారీలు ఒకదాని వెనక ఒకటి గుంటూరు యార్డు వైపు పోతూనే ఉన్నాయి. వాటి వైపు చూడాలని అతనికి తోచలేదు.

ఫోను మోగింది.

గేటు దగ్గర వార్డర్ శ్రీకృష్ణ. ఎలీషా పోయిన సంగతి బుడే పొద్దున్నే అతనికి ఫోన్లో చెప్పాడు. కోర్టు నుంచి లింకు వచ్చిందట. ఎలీషా కేసు నాలుగోదట. దొరికాడా అని అడిగాడు.

"లేదు."

"పోలీసులకి చెప్పేద్దామా సార్?"

"నోర్ముయ్. వస్తున్నా."

ప్రత్తిపాడు దాటాక వచ్చింది ఆ ఆలోచన.

బుడే బండి దానంతటదే స్లో అయింది.

మేజిస్ట్రేటు మేడమ్ ఎలీషాని ఎప్పుడైనా ఎదురుగా చూసిందా? లేదు. కోర్టు ముప్పై కిలోమీటర్లు. తీసుకెళ్ళడానికి ఎస్కార్టు పోలీసులు దొరకరు. మొదటి రిమాండు సెలవు రోజున వేరే మేజిస్ట్రేటు దగ్గర అయింది, ఆ తర్వాత అంతా వీడియోనే. మొహాలు మసకగా పడే పాత కెమెరా. కేసు చూసే లీగల్ ఎయిడ్ లాయరు హారిక గారు కూడా ఫోన్లోనే మాట్లాడింది.

ఎలీషా ఎలా ఉంటాడో ఆ కోర్టులో ఒక్కరికీ తెలియదు!

ఇంకెవరినైనా కూర్చోబెడితే...

ఒక్క మాట చాలు. ఒప్పుకుంటున్నానండి. ఉన్న రోజులే శిక్ష కింద పోతాయి. సాయంత్రానికి విడుదల కాగితం వస్తుంది. కాగితం మీద విడుదలైపోయిన ఖైదీ ఎక్కడ తిరిగితే ఎవడికి కావాలి? విడుదలైనవాడు పారిపోయినట్టు కాదు కదా!

ఎలీషాకి కూడా మంచిదే అనుకున్నాడు బుడే.

రెండోసారి అనుకున్నాడు. మూడోసారి పైకే అన్నాడు. అయినా మహిమ మొహమే కళ్ళ ముందు ఆడుతోంది.

పదకొండు పది. గేటు.

యలమందయ్య అనే ఇంకో రిమాండు ఖైదీ వైన్ షాపు దగ్గర కొట్లాట కేసులో వచ్చాడు. ఇంచుమించు ఎలీషా ఒడ్డూ పొడుగే. బుడే అతన్ని గదిలోంచి బయటికి పిలిచాడు. నీలం చొక్కా ఒకటి తెప్పించి తొడిగించాడు. చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పాడు.

యలమందయ్య గుండీలు పెట్టుకుంటూ ఒకటే అడిగాడు.

"ఒప్పుకుంటానని ఎలీషా అన్నాడా సార్?"

"అన్నాడు."

"నిన్న రాత్రి కూడా ఒప్పుకోనన్నాడే?"

"పొద్దున మనసు మార్చుకున్నాడు. పద."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో! బుడేకి తన గొంతు మీద తనకే అసహ్యం వేసింది.

పదకొండూ ఇరవై ఎనిమిది.

వీడియో గది. ఒక బల్ల, ఒక కుర్చీ, కంప్యూటరు. కుర్చీలో యలమందయ్య. కెమెరాకి అందకుండా పక్కగా బుడే. తలుపు దగ్గర శ్రీకృష్ణ.

తెర వెలిగింది. కోర్టు హాలు. బెంచి మీద మేజిస్ట్రేటు మేడమ్, కింద క్లర్కు, నల్లకోటులో హారిక గారు. వెనక తలుపు దగ్గర జనం చుక్కల్లా కనిపిస్తున్నారు.

క్లర్కు పేరు పిలిచాడు.

"నేనేనండి," అన్నాడు యలమందయ్య.

మేడమ్ నేరారోపణ చదివింది. పొలంలో మోటారు విప్పి రాగి తీగ దొంగిలించినట్టు కేసు. అర్థమైందా అని అడిగింది.

"అర్థమైందండి."

"ఒప్పుకుంటున్నావా?"



"ఒప్పుకుంటున్నానండి."

మేడమ్ కలం తీయలేదు. తెర వైపు వంగి చూసింది. ఎవరైనా భయపెట్టి చెప్పిస్తున్నారా, పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఒప్పుకుంటే ఏమవుతుందో లాయరు గారు చెప్పారా అని కూడా అడిగింది. యలమందయ్య లేదండి, చెప్పారండి అంటూ పోయాడు. బుడే చెమట చుక్క గడ్డం మీదుగా కారి ఖాకీ మీద పడింది.

మేడమ్ కలం తీసింది.

అయిపోయింది... గట్టెక్కాను!

కోర్టు హాల్లో గోల.

తెర మీద క్లర్కు తల తిప్పాడు. హారిక గారు వెనక్కి తిరిగింది. జనంలోంచి ఒక మనిషి ముందుకు వస్తున్నాడు. కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ మనిషి ఆగి, రెండు చేతులూ జోడించాడు. నీలం చొక్కా. గుండీలు మెడ దాకా. నెత్తి మీదా భుజాల మీదా ఎర్రటి మిర్చి దుమ్ము.



"ఎలీషాని నేనండి," అన్నాడు ఆ మనిషి. "మిర్చి లారీ ఎక్కి వచ్చాను. ఆ మోటారు నేను ముట్టుకోలేదండి. టీవీలో చెప్తే మీకు వినపడట్లేదని ఇక్కడికొచ్చాను."



పారిపోలేదు! దొరికిన ఆ కాస్త స్వేచ్ఛతో ఈ పిచ్చోడు కోర్టుకి పోయాడు!

మేడమ్ ఎలీషాని చూసింది. తర్వాత తెర చూసింది.

"అయితే ఆ కుర్చీలో ఉన్నదెవరు?"

యలమందయ్య కళ్ళు పక్కకి, బుడే వైపు తిరిగాయి.

మేడమ్ అది వదల్లేదు. అటు ఎవరున్నారని అడిగింది. బుడే గోడకి అంటుకుపోయాడు. ఆమె ఎలీషా వైపు తిరిగింది.

"నువ్వు జైలు నుంచి బయటికి ఎలా వచ్చావు?"

ఎలీషా తెర వైపు చూశాడు. తెర మీద బుడే లేడు. కానీ ఆ కుర్చీ పక్కన ప్రతి వాయిదాకీ ఎవరు నిలబడతారో అతనికి తెలుసు. రాత్రికి తనని మళ్ళీ ఏ జైలుకి పంపిస్తారో తెలుసు. ఆ జైలు తాళాలు ఎవరి నడుముకి ఉంటాయో కూడా తెలుసు.

తల దించుకున్నాడు.

"గోడ దూకానండి."

బుడే అదిరిపడ్డాడు. ఆ గోడ పదహారు అడుగులు. పైన గాజు పెంకులు. ఇరవై ఆరేళ్ళలో దాన్ని పిల్లి కూడా దూకలేదు.

"జైలు నుంచి తప్పించుకోవడం వేరే నేరం," అంది మేడమ్. "దానికి వేరే శిక్ష ఉంటుంది. తెలిసే చెప్తున్నావా?"

"తెలుసండి. ఒప్పుకుంటున్నానండి."

చెయ్యని నేరం ఒప్పుకోనని చెప్పడానికి వచ్చినవాడు... చెయ్యని ఇంకో నేరం ఒప్పుకుంటున్నాడు!

శ్రీకృష్ణ తలుపు దగ్గర్నుంచి చప్పుడు చెయ్యకుండా వచ్చి బుడే చెవిలో గుసగుసలాడాడు. బతికిపోయాం సార్, వాడే గోడ దూకానంటున్నాడు, అలాగే రాసేద్దాం అన్నాడు. పేరు తికమకపడి వేరే ఖైదీని కూర్చోబెట్టామని క్షమాపణ రాసిస్తే మహా అయితే మెమోతో పోతుందన్నాడు.

నిజమే. మెమోతో పోతుంది. ఉద్యోగం ఉంటుంది, పెన్షను ఉంటుంది. కాయ యార్డుకి పోతుంది.

ఎలీషా మాత్రం రెండేళ్ళు ఇక్కడే ఉంటాడు. రోజూ పొద్దున్నే గది తాళం తీసినప్పుడు కనిపిస్తాడు. నమస్తే సార్ అంటాడు. ఆ ఆలోచన బుడే భరించలేకపోయాడు. ఒక మనిషి తనని చూసి ఇంత భయపడ్డాడని ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి సిగ్గేసింది. మొహం దాచుకోవాలన్నంత సిగ్గు.

తెర మీద మేడమ్ రాసుకుంటోంది.

"లే," అన్నాడు బుడే.

యలమందయ్యకి అర్థం కాలేదు. బుడే అతని భుజం పట్టి లేపాడు. శ్రీకృష్ణ సార్ సార్ అంటూ చెయ్యి పట్టుకుని లాగాడు. బుడే విదిలించుకున్నాడు.

కుర్చీలో కూర్చున్నాడు.

తెర మూలన చిన్న గడిలో అతని మొహం వచ్చింది. పీక్కుపోయి ఉంది. చూస్తుంటే ఎవరిదో మొహంలా ఉంది.

మేడమ్ తలెత్తింది. హారిక గారు, క్లర్కు, కానిస్టేబుల్, జనం, అందరూ చూస్తున్నారు. ఎలీషా కూడా చూశాడు. భయంతో ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మీరెవరు?"

"షేక్ బుడే మేడమ్. హెడ్ వార్డర్." కెమెరా వైపే చూశాడు. "ఆయన గోడ దూకలేదు. గేటు తీసింది నేను. ఎనిమిది రోజుల్నుంచి నా కల్లంలో పనికి తీసుకెళ్తున్నాను. ఈ మనిషిని ఆయన పేరుతో కూర్చోబెట్టింది కూడా నేనే. ఆయన మాట మీకు వినపడకుండా మైకు ఆపింది..."

ఆగాడు. బల్ల మీది మైకుని చూశాడు.

"అదీ నేనే మేడమ్. మూడుసార్లు."

మేడమ్ కలానికి మూత పెట్టింది. కానిస్టేబుల్‌ని పిలిచి, ఎలీషాని ఇవాళ ఆ జైలుకి తిరిగి పంపవద్దని మెల్లగా చెప్పింది. తర్వాత తెర వైపు తిరిగింది.

"పోలీసులు వస్తున్నారు. వాళ్ళు వచ్చేదాకా ఆ కుర్చీలోంచి లేవొద్దు. కెమెరా ఆపొద్దు."

"అలాగే మేడమ్."

శ్రీకృష్ణ బయటికి వెళ్ళిపోయాడు. యలమందయ్య నీలం చొక్కా విప్పి బల్ల మీద పెట్టి, తన గదికి తనే నడిచాడు. బుడే ఒక్కడే కెమెరా ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అవతల క్లర్కు ఐదో నంబరు పిలిచాడు.